రాత్రి చదివిన పాఠకుడు, తెల్లారి లేచిన పాఠకుడు

వేగంగా సాగే క్రైమ్ థ్రిల్లర్ గురించి పాఠకులు చెప్పుకునే మాటలకు ఒక తీరు ఉంటుంది. ముందు మెచ్చుకోలు వస్తుంది. ఏకబిగిన చదివించింది, పుస్తకం కింద పెట్టనివ్వలేదు, నిద్ర లేకుండా చేసింది. ఆ వెంటనే ‘కానీ’ అన్న మాట వస్తుంది. ముగింపు తేలిపోయింది, పాత్రలు గుర్తుండవు, ఫలానా సంగతి మాత్రం నమ్మబుద్ధి కాలేదు. ఈ మాటలు ఇద్దరు వేర్వేరు మనుషులవైతే అభిరుచుల తేడా అని సరిపెట్టుకోవచ్చు. చాలాసార్లు ఇవి ఒకే మనిషి మాటలు. రాత్రి చదువుతున్నంతసేపూ ఒక అనుభవం, తెల్లారి టీ తాగుతూ తలుచుకుంటే ఇంకో అనుభవం. ఈ రెండింటిలో ఏది అసలు తీర్పు అని అడగడం కన్నా, రెండూ ఒకే పుస్తకం నుంచి ఎలా పుట్టాయని అడిగితే ఎక్కువ సంగతులు తెలుస్తాయి.

ఆ ప్రశ్నకు ‘ద డావిన్సీ కోడ్’ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. డాన్ బ్రౌన్ రాసిన ఈ నవల 2003 మార్చిలో అమెరికాలో విడుదలైంది. ఇప్పటివరకు 8 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. 40కి పైగా భాషల్లోకి వెళ్లింది. అంత విస్తారంగా చదివిన నవలను అంత విస్తారంగా తిట్టుకోవడం కూడా అరుదే. చదవని వారికి ముందే ఒక మాట చెప్పాలి. పాఠకుల స్పందన ఎక్కడ పుట్టిందో చూపించాలంటే కథలోని గుట్టు చివరిదాకా విప్పక తప్పదు.

అంతకుముందు బ్రౌన్ మూడు నవలలు రాశాడు. మూడూ పెద్దగా అమ్ముడుపోలేదు. నాలుగోదాని మీద ప్రచురణకర్తలకు గట్టి నమ్మకం కుదిరింది. విడుదలకు ముందే 10,000 దాకా ప్రతులను పుస్తకాల షాపులవాళ్లకు, సమీక్షకులకు పంపారు. ‘న్యూయార్క్ టైమ్స్’ సమీక్షకురాలు జానెట్ మాస్లిన్ ఈ నవలకు సరిపోయే మాట ఒక్కటే అంటూ, ఆ మాటను కూడా చిన్న పజిల్‌లా చుట్టి చెప్పారు. ఆ మాట ‘వావ్’. మొదటి వారంలోనే నవల అమ్మకాల జాబితాలో మొదటి స్థానానికి చేరింది. రెండేళ్లు గడిచాక గాలి మారింది. చెడ్డ నవలలకే చెడ్డపేరు తెచ్చేంత చెడ్డ నవల అని 2005లో సల్మాన్ రష్దీ అన్నాడు. అదే ఏడాది స్టీఫెన్ కింగ్ దీన్ని ప్యాకెట్‌లో దొరికే మాకరోనీతో పోల్చాడు. కింగ్ కూడా కోట్ల మందిని నిద్రపోనివ్వకుండా చదివించిన రచయితే కాబట్టి, ఆ మాటను సాహిత్యవేత్తల చిన్నచూపు అని కొట్టిపారేయలేం.

దీన్నంతా జనం ఒకవైపు, విమర్శకులు ఒకవైపు అన్నట్టు చెప్పడం అలవాటైపోయింది. ఆ లెక్క సరిపోదు. సాధారణ పాఠకులు చెప్పిన మాటలు జాగ్రత్తగా వింటే రష్దీ ఫిర్యాదు, మాస్లిన్ మెప్పు రెండూ ఒకే నోట వినిపిస్తాయి. రెండు రోజుల్లో ముగించానన్న గర్వం, ముగించాక ఏదో మోసపోయామన్న చిరాకు పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండింటినీ కలిపే తాడు నవల నిర్మాణంలోనే ఉంది. వేగం అంటే చెప్పాల్సిన సంగతిని వాయిదా వేయడం. వాయిదా వేసిన ప్రతి సంగతీ రచయిత పాఠకుడికి పడ్డ బాకీ. చదువుతున్నంతసేపూ ఆ బాకీయే పాఠకుణ్ణి ముందుకు లాగుతుంది. పుస్తకం మూశాక ఏ బాకీ తీరిందో, ఏది ఎగ్గొట్టారో లెక్క చూసుకోవడం మొదలవుతుంది.

ముందు ఆ వేగం ఎలా తయారైందో చూడాలి. మొదట వచ్చిన గట్టి అట్ట ప్రతి దాదాపు 450 పేజీలు. అందులో 105 అధ్యాయాలు, పైగా ఒక ప్రారంభ ఘట్టం, ఒక ముగింపు ఘట్టం. సగటున అధ్యాయానికి నాలుగు పేజీల చిల్లర. కొన్ని రెండు పేజీలు కూడా ఉండవు. రాత్రి పదకొండింటికి కళ్లు మూతపడుతున్న పాఠకుడు ‘ఇంకొక్కటి చదివి పడుకుందాం’ అనుకోవడానికి నాలుగు పేజీలు సరిగ్గా సరిపోతాయి. అవి అయ్యేసరికి మరో ప్రశ్న మిగులుతుంది. ఇలా పది సార్లు ‘ఇంకొక్కటి’ అనుకుంటే నలభై పేజీలు అయిపోతాయి. తెల్లారిపోయిందని చెప్పే పాఠకులు అతిశయోక్తి చెప్పడం లేదు.

కథాకాలం కూడా అంతే బిగుతుగా ఉంటుంది. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో క్యురేటర్ జాక్ సోనియేర్‌ను రాత్రి పూట సైలస్ అనే వ్యక్తి కాల్చి చంపుతాడు. ప్రాణం పోయేలోగా సోనియేర్ తన శరీరాన్నే ఒక సంకేతంగా మలుచుకుంటాడు. హార్వర్డ్ ప్రొఫెసర్ రాబర్ట్ లాంగ్డన్‌ను పోలీసు అధికారి ఫాష్ మ్యూజియానికి రప్పిస్తాడు. సాయం అడుగుతున్నట్టు కనిపించినా అతని అనుమానం లాంగ్డన్ మీదే. సోనియేర్ మనవరాలు, పోలీసు శాఖలో సంకేతాల నిపుణురాలైన సోఫీ నెవూ వచ్చి లాంగ్డన్‌ను హెచ్చరిస్తుంది. అక్కడి నుంచి ఇద్దరూ పరుగు. పారిస్ వీధులు, ఒక బ్యాంకు, ఊరి బయట ఒక కోటలాంటి బంగళా, ప్రైవేటు విమానం, లండన్, ఆఖరికి స్కాట్లాండ్. అసలు కథంతా ఒక రాత్రి, ఆ తర్వాతి పగలు మాత్రమే. పాత్రలకు నిద్ర లేదు. వాళ్లే పడుకోనప్పుడు పాఠకుడు మాత్రం ఎలా పడుకుంటాడు?

పైగా కథ ఒకే దారిలో పోదు. లాంగ్డన్, సోఫీ ఒకచోట, సైలస్ ఇంకోచోట, అతని వెనక ఉన్న బిషప్ మరోచోట, వెంటాడే ఫాష్ ఇంకా మరోచోట. ఒక దారిలో ప్రమాదం మొదలవగానే రచయిత రెండో దారికి దూకుతాడు. పాఠకుడు మొదటి ప్రమాదం ఏమైందో తెలుసుకోవడానికి రెండో దారిని గబగబా చదువుతాడు. ఆ రెండో దారి కూడా ఒక ప్రమాదం దగ్గరే ఆగుతుంది. అందుకే ఈ నవలలో పేజీలు తిప్పే వేగం ఆ పేజీలో ఏముందన్న దాని మీద కన్నా, దాని ముందు పేజీలో ఏం ఆపేశారన్న దాని మీద ఎక్కువ ఆధారపడి ఉంటుంది.

తెలుగు పాఠకులకు ఈ కిటుకు కొత్తది కాదు. వారపత్రికల్లో సీరియల్ చదివిన తరానికి ‘సశేషం’ అన్న మూడక్షరాలు ఎంత బాధపెట్టేవో గుర్తే. కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు కోసం, మధుబాబు షాడో కోసం అద్దె పుస్తకాల షాపుల చుట్టూ తిరిగినవాళ్లు ఇప్పటికీ ఎందరో ఉన్నారు. ఆ షాపుల్లో అద్దె రోజు లెక్కన ఉండేది కాబట్టి, ఇవాళ తెచ్చిన పుస్తకం రేపటికల్లా తిరిగిచ్చేయాలని ఒక్క రాత్రిలో ముగించడం అక్కడ అలవాటుగా మారింది.

అయితే సీరియల్‌కూ ఇలాంటి నవలకూ ఒక పెద్ద తేడా ఉంది. సీరియల్ పాఠకుడికి వారం రోజుల టైమ్ ఉంటుంది. హంతకుడు ఎవరై ఉంటాడని పక్కింటివాళ్లతో వాదిస్తాడు, పాత సంచికలు తిరగేస్తాడు, పొరపాటు కనిపిస్తే పత్రికకు ఉత్తరం రాస్తాడు. లెక్క చూసుకోవడం వారం వారం జరిగిపోతుంది. నాలుగు పేజీల అధ్యాయం ‘సశేషం’ అని ఆపినా, తర్వాతి పేజీ చేతిలోనే ఉంది. ఆలోచించే టైమ్ ఎవరూ తీసుకోరు. అనుమానం వచ్చినా ‘ముందు ఏమవుతుందో చూద్దాం’ అని పక్కన పెడతారు. ఇలా పక్కన పెట్టిన అనుమానాలన్నీ చివరి పేజీ తర్వాత ఒక్కసారిగా వచ్చి మీద పడతాయి. సీరియల్ మీద చిన్న చిన్న అసంతృప్తులు పోగైతే, ఏకబిగిన చదివిన నవల మీద ఒకే పెద్ద అసంతృప్తి వస్తుంది.

సోఫీ జ్ఞాపకం సంగతే తీసుకుందాం. ఆమె పదేళ్లుగా తాతతో మాట్లాడలేదు. కాలేజీ సెలవులకు చెప్పకుండా ముందే వచ్చి, నార్మండీలోని తాతగారి ఇంట్లో చూడకూడనిదేదో చూసింది. ఆ సంగతి నవల మొదట్లోనే తెలుస్తుంది. ఏం చూసిందో మాత్రం సగం దాటాక గానీ చెప్పరు. మధ్యలో ఆమె దాన్ని తలుచుకుంటుంది, వణుకుతుంది, మనసులోంచి తోసేస్తుంది. మనం ఆమె మనసులోనే ఉన్నాం. ఆమె చూసింది మనకు కనిపించదు. రాత్రి పాఠకుడికి ఇది గొప్ప ఊపు. తెల్లారి పాఠకుడు అడిగే ప్రశ్న న్యాయమైనదే: ఒక మనిషి మనసులో కూర్చున్నప్పుడు ఆ మనిషికి తెలిసిన సంగతి మనకు తెలియకపోవడం ఎలా కుదురుతుంది? పాత్ర ఎదుటివాళ్ల దగ్గర దాచడం వేరు, కథ చెప్పేవాడు పాఠకుడి దగ్గర దాచడం వేరు. మొదటిదాన్ని పాఠకులు రహస్యం అంటారు, రెండోదాన్ని కిటుకు అంటారు. థ్రిల్లర్ మీద వచ్చే కోపంలో పెద్ద భాగం ఈ తేడా దగ్గరే పుడుతుంది.

ఈ తేడాను ఇంగ్లండ్ డిటెక్టివ్ రచయితలు ఎప్పుడో గుర్తించారు. రోనల్డ్ నాక్స్ 1929లో అపరాధ పరిశోధన కథలకు పది నియమాలు రాశాడు. 1930లో లండన్‌లో అలాంటి రచయితల సంఘం ‘డిటెక్షన్ క్లబ్’ ఏర్పడింది. ఆ నియమాల సారం ఒక్కటే. డిటెక్టివ్‌కు దొరికిన ఆధారం పాఠకుడికీ దొరకాలి. పాఠకుడు ఓడిపోవడానికి సిద్ధంగా ఉంటాడు, ముక్కలు తన చేతిలో పెట్టకుండా ఓడిస్తే మాత్రం ఒప్పుకోడు. థ్రిల్లర్‌కు ఆ నియమాలన్నీ వర్తించవు. డిటెక్టివ్ కథలో ‘ఎవరు చేశారు’ అన్నది ప్రశ్న, థ్రిల్లర్‌లో ‘తప్పించుకుంటారా’ అన్నది. ‘డావిన్సీ కోడ్’ రెండింటినీ కలిపేసింది. పరుగు థ్రిల్లర్‌ది, గుట్టు డిటెక్టివ్ కథది. కాబట్టి పాఠకులు దాన్ని రెండు కొలతలతోనూ కొలిచారు.

గుట్టు దగ్గరికి వస్తే, సైలస్‌ను నడిపించే ‘టీచర్’ ఎవరన్నది కేంద్ర ప్రశ్న. జవాబు సర్ లీ టీబింగ్. లాంగ్డన్, సోఫీలు ఆశ్రయం కోరి వెళ్లిన బంగళా యజమాని, చరిత్రకారుడు, చేతికర్రలతో నడిచే హాస్యప్రియుడు. నవలలో అందరికంటే ప్రాణమున్న పాత్ర ఇతనే అని చాలామంది పాఠకులు ఒప్పుకుంటారు. అతను మాట్లాడుతుంటే వినబుద్ధవుతుంది. అందుకే అతనే టీచర్ అని తేలినప్పుడు స్పందన రెండుగా చీలింది. కొందరికి అది గట్టి దెబ్బ, థ్రిల్లర్ నుంచి వాళ్లు కోరుకున్నది అదే. మరికొందరు ఇంత సరదాగా, ఇంత ఆసక్తిగా మాట్లాడిన మనిషిని చివరికి తుపాకి పట్టుకుని నిలబెట్టడం నచ్చక నొచ్చుకున్నారు. ఈ రెండో బాధ రచయిత చేతకానితనం వల్ల వచ్చింది కాదు. ఒక పాత్రకు ప్రాణం పోసినందుకు వచ్చిన బాధ అది. మిగతా పాత్రల విషయంలో ఈ బాధ కలగదు, ఎందుకంటే అక్కడ ప్రాణం తక్కువ.

లాంగ్డన్‌ను గుర్తు చేసుకోమంటే పాఠకులు చెప్పేవి కొన్నే: ట్వీడ్ కోటు, మిక్కీ మౌస్ గడియారం, ఇరుకు చోట్లంటే భయం. అతనికి ఏం కావాలి, ఏం పోగొట్టుకున్నాడు, తాతను పోగొట్టుకున్న సోఫీ ఆ రాత్రంతా ఎందుకు తనివితీరా ఏడవదు అంటే సమాధానం లేదు. పాత్రలు అట్టబొమ్మల్లా ఉన్నాయన్న ఫిర్యాదు నిజమే. ఆ అట్టబొమ్మతనమే పరుగుకు వీలిచ్చింది అన్నది కూడా నిజమే. ఒంటి మీద బరువు లేనివాళ్లే అంత దూరం పరిగెత్తగలరు. సోఫీ కూర్చుని ఒక్క గంట ఏడిస్తే ఆ అధ్యాయం ఇరవై పేజీలవుతుంది, పాఠకుడు నిద్రపోతాడు. ఇక్కడ రచయిత ఒకటి ఇచ్చి ఒకటి తీసుకున్నాడు. రాత్రి పాఠకుడికి ఇచ్చి, తెల్లారి పాఠకుడి దగ్గర తీసుకున్నాడు. మంచి థ్రిల్లర్ రచయితలు ఈ బేరంలో కాస్త ఉదారంగా ఉంటారు. ఒకటి రెండు చోట్ల పరుగు ఆపి పాత్రను ఊపిరి తీసుకోనిస్తారు. బ్రౌన్ ఆ మేరకు కూడా ఆగలేదు.

ఈ నవల పాఠకులకు నిజంగా సరదా ఇచ్చింది పొడుపు కథల దగ్గర. అక్కడ స్పందనలు కూడా మిగతా చోట్ల కంటే వేడిగా, సొంత అనుభవంలా ఉంటాయి. సోనియేర్ దాచిన చిన్న పేటికను తెరవాలంటే ఐదు ఇంగ్లీషు అక్షరాల మాట కావాలి. మొదటిది జ్ఞానానికి గ్రీకు పేరైన ‘సోఫియా’ (SOFIA). హీరోయిన్ పేరే సోఫీ కాబట్టి చాలామంది ముందే పట్టేశారు. దాని లోపలున్న రెండో పేటికకు లండన్‌లో ఒక పోప్ సమాధి చేసిన వీరుడి సమాధి వెతకాలి. పోప్ అనగానే అందరూ రోమ్ వైపు చూస్తారు. అసలు ఆ పోప్ అలెగ్జాండర్ పోప్ అనే కవి, సమాధిలో ఉన్నది ఐజాక్ న్యూటన్, సమాధి మీద లేని గోళం యాపిల్. ఇంగ్లీషు సాహిత్యం చదివినవాళ్లకు ఇది లాంగ్డన్ కంటే ముందే తట్టింది. హీరో కంటే ఒక అడుగు ముందుండటం పాఠకుడికి గొప్ప సంతోషం. తెలుగు ఇళ్లలో తాత పొడుపు కథ వేస్తే, పెద్దవాళ్ల కంటే ముందు విప్పిన పిల్లవాడి సంతోషం లాంటిదే అది.

కానీ ఆ సంతోషానికి హద్దుంది. విమానంలో లాంగ్డన్, టీబింగ్ ఇద్దరూ ఒక విచిత్రమైన రాత చూసి ఏ ప్రాచీన భాషో తేల్చుకోలేక తలలు పట్టుకుంటారు. ఆ రాత పుస్తకంలో అలాగే అచ్చయింది. చూడగానే పాఠకులకు తెలిసిపోయింది, అది అద్దంలో చూసినట్టు తిరగేసి రాసిన మామూలు ఇంగ్లీషు. చిత్రకారుడు లియొనార్డో డావిన్సీ తన నోటు పుస్తకాలు అలాగే రాసుకున్నాడని స్కూలు పిల్లలు కూడా చెబుతారు. డావిన్సీ గురించి గంటలకొద్దీ మాట్లాడిన ఇద్దరు నిపుణులకు అది తోచకపోవడం ఎంతోమందిని చిరాకు పెట్టింది. ఒక అడుగు ముందుంటే పాఠకుడు తెలివైనవాడిలా అనుకుంటాడు, పది అడుగులు ముందుంటే పాత్రలు తెలివితక్కువవాళ్లలా కనిపిస్తాయి. వాయిదా వేయాల్సిన అవసరం పాత్ర తెలివిని మింగేసిన చోటు ఇది. వేగం కోసం సంగతి దాచడం ఇక్కడ తిరగబడింది. పాఠకుడికి తెలిసిపోయిన సంగతిని పాత్రల దగ్గర దాచాల్సి వచ్చింది.

ఇక అన్నింటికంటే పెద్ద బాకీ నవల మొదలుకాకముందే ఉంది. మొదటి అధ్యాయానికి ముందు ‘వాస్తవం’ అన్న శీర్షికతో ఒక పేజీ ఉంటుంది. ప్రయరీ ఆఫ్ సియాన్ అనే రహస్య సంఘం 1099లో ఏర్పడిన నిజమైన సంస్థ అని, నవలలోని కళాఖండాలు, కట్టడాలు, పత్రాలు, రహస్య క్రతువుల వర్ణనలు కచ్చితమైనవని అక్కడ రాసి ఉంది. సినిమా మొదట్లో కనిపించే ‘యథార్థ సంఘటనల ఆధారంగా’ లాంటిదే అని కొందరు తేలిగ్గా తీసుకున్నారు. నమ్మినవాళ్లూ చాలామందే ఉన్నారు. కథ అంత వేగంగా పోతున్నప్పుడు ఆగి పరిశీలించే తీరిక ఎవరికీ ఉండదు. ఆ పేజీ ముందే ఒక హామీ ఇచ్చేసింది కాబట్టి పాఠకుడు ఇక అనుమానించకుండా పరుగెత్తాడు.

తెల్లారాక లెక్క చూస్తే హామీ నిలవలేదు. ప్రయరీ ఆఫ్ సియాన్ అనే సంఘాన్ని పియేర్ ప్లాంటార్ అనే ఫ్రెంచివాడు 1956లో రిజిస్టరు చేయించాడు. దానికి ప్రాచీన చరిత్ర ఉందని చూపించే పత్రాలు 1960లలో కల్పించినవి. లూవ్ర్ ముందున్న గాజు పిరమిడ్‌లో 666 అద్దాలున్నాయని నవల అంటుంది. మ్యూజియం లెక్క 673. సైలస్‌ను సన్యాసిగా చూపించారు, అతను చెందిన ఓపస్ డీ అనే క్యాథలిక్ సంస్థలో సన్యాసులే లేరు. ఒక్కొక్కటిగా చూస్తే ఇవి చిన్నవి. మామూలు నవలలో ఎవరూ పట్టించుకోరు, కల్పనకు ఆ స్వేచ్ఛ ఉంది. ‘వాస్తవం’ అని ముందే రాసి సంతకం పెట్టినట్టు చేసినందువల్లే ఇవి పాఠకులకు మోసంలా అనిపించాయి. పాఠకుడు అబద్ధాన్ని క్షమిస్తాడు, అబద్ధం వినడానికే నవల కొంటాడు. ఇది అబద్ధం కాదని ఒట్టు పెట్టి చెప్పిన అబద్ధాన్ని మాత్రం క్షమించడు. ఆ ఒక్క పేజీ లేకపోయినా నవల ఇంతే వేగంగా సాగేది. ఆ పేజీ తీసేసి ఉంటే రచయితకు తెల్లారి పాఠకుడి దగ్గర పోయిన గౌరవంలో సగం మిగిలేది.

మత విశ్వాసాలకు సంబంధించిన కోపం వేరే కొలతలో చూడాల్సినది. యేసు, మగ్దలేనా మరియ పెళ్లి చేసుకున్నారని, వారి వంశం మిగిలి ఉందని నవల చెప్పేది నమ్మకాన్ని నేరుగా తాకుతుంది. అప్పట్లో ఇటలీలోని జెనోవా ఆర్చిబిషప్‌గా ఉన్న కార్డినల్ బెర్తోనే 2005 మార్చిలో ఈ పుస్తకం కొనవద్దు, చదవవద్దు అని పిలుపునిచ్చాడు. నొచ్చుకున్న క్రైస్తవ పాఠకుల బాధ నిజమైనది, దాన్ని గౌరవించాలి. అదే సమయంలో చదివి నొచ్చుకోవడం వేరు, చదవకుండా అడ్డుపడటం వేరు. ఈ తేడా మన దగ్గరా చర్చకు వచ్చింది. 2006లో ఈ నవల ఆధారంగా తీసిన సినిమా విడుదలైనప్పుడు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనను నిషేధించింది. సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇచ్చిన సినిమా అది. కొద్ది వారాల్లోనే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. నవల మాత్రం అప్పటికి మూడేళ్లుగా షాపుల్లో దొరుకుతూనే ఉంది, తెలుగువాళ్లు చదువుతూనే ఉన్నారు. ఆ మూడేళ్లూ ఇక్కడి ప్రభుత్వానికి ప్రమాదంగా తోచని కథ తెర మీదికి రాగానే ప్రమాదమైంది. పాఠకుల తరఫున మాట్లాడేవాళ్లకు, పాఠకులకు మధ్య ఎంత దూరం ఉంటుందో ఆ సందర్భం చూపించింది.

అదే 2006లో లండన్ కోర్టులోనూ ఈ నవల మీద కేసు నడిచింది. తమ పుస్తకంలోని ఊహను వాడుకున్నారని ఇద్దరు రచయితలు వేసిన దావాను జస్టిస్ పీటర్ స్మిత్ కొట్టేశారు. ఆ తీర్పు ప్రతిలో అక్కడక్కడా కొన్ని అక్షరాలు వాలుగా అచ్చయ్యాయి. వాటిని ఏరి చూస్తే న్యాయమూర్తి స్వయంగా దాచిన ఒక గూఢ సంకేతం ఉందని తర్వాత బయటపడింది. నవల మీద వచ్చిన స్పందనలన్నింటిలో ముచ్చటైనది ఇదే. పుస్తకం బాగుందనీ అనలేదు, బాగోలేదనీ అనలేదు. అందులోని ఆట మాత్రం ఆయనకు నచ్చింది, తనూ ఆడాడు.

తెలుగు విమర్శలో ‘చదివించే గుణం’ అన్న మాట ఎప్పటి నుంచో ఉంది. దాన్ని కొందరు చిన్నచూపుగా వాడతారు, అది సరికాదు. నాలుగు వందల యాభై పేజీల పాటు కోట్ల మంది దృష్టిని నిలబెట్టడం తేలికైన పని కాదు. ఎక్కడ ఆపాలో, ఎంత చెప్పాలో, ఏ సంగతిని ఎన్ని పేజీలు మోయించవచ్చో తెలిసి ఉండాలి. బ్రౌన్‌కు అది తెలుసు. పుస్తకం అలవాటు పోయినవాళ్లు కూడా ఈ నవల ముగించామని చెప్పడం చిన్న సంగతి కాదు. అయితే చదివించే గుణానికి ఒక తోబుట్టువు ఉంది, మళ్లీ చదివించే గుణం. గుట్టు తెలిశాక కూడా పాఠకుణ్ణి వెనక్కి పిలిచేది అది. సంగతి దాచడం మీదే పూర్తిగా నడిచిన పుస్తకానికి, దాచినది బయటపడ్డాక ఇవ్వడానికి పెద్దగా ఏమీ మిగలదు. బ్రిటన్‌లో ఆక్స్‌ఫామ్ సంస్థ పాత పుస్తకాలను విరాళంగా తీసుకుని అమ్ముతుంది. కొన్నేళ్ల పాటు ఆ షాపులకు ఎక్కువగా వచ్చి చేరిన పుస్తకాలు డాన్ బ్రౌన్‌వే. 2017లో స్వాన్‌సీలోని షాపువాళ్లు ఇక ‘డావిన్సీ కోడ్’ తెచ్చి ఇవ్వవద్దని చెప్పుకోవాల్సి వచ్చింది. అంతమంది కొన్నారు, చదివారు, ఇంట్లో ఉంచుకోవాలని మాత్రం అనుకోలేదు.

ఇదొక్కటే చూస్తే కథ ఇక్కడితో అయిపోయినట్టే. కానీ పుస్తకం వదిలేసిన పాఠకులు అందులోని చోట్లను వదల్లేదు. కథ చదువుతూ డావిన్సీ వేసిన ‘లాస్ట్ సప్పర్’ బొమ్మ వెతుక్కుని, యేసు పక్కన కూర్చున్నది ఎవరో చూసుకున్నవాళ్లు ఎంతమందో. ఆ అవసరం గుర్తించే 2004లో బొమ్మలతో కూడిన ప్రత్యేక ప్రతిని తెచ్చారు. ఆఖరి ఘట్టం జరిగే స్కాట్లాండ్‌లోని రాస్లిన్ చాపెల్‌కు అంతకుముందు ఏడాదికి కొన్ని పదుల వేల మంది వచ్చేవారు. నవల, సినిమా వచ్చాక ఆ సంఖ్య లక్షన్నర దాటింది. పారిస్‌లో సెయింట్ సుల్పీస్ చర్చికీ జనం వచ్చారు. నవలలో సైలస్ రహస్యం కోసం వెతికేది అక్కడి నేల మీద ఉన్న ఇత్తడి గీత వెంటే. ఆ గీత పాత అన్యమత ఆలయానిది కాదని, సూర్యుడి కదలికను బట్టి తేదీలు లెక్కకట్టడానికి వేసినదని, కిటికీల్లోని రెండు అక్షరాలు ఏ రహస్య సంఘానివీ కావని, పీటర్, సుల్పీస్ అనే ఇద్దరు పునీతులవని చర్చివాళ్లు ఒక నోటీసు పెట్టారు. అందులో నవల పేరు రాయలేదు, ఇటీవల బాగా అమ్ముడైన ఒక నవల అని మాత్రం అన్నారు. చేతిలో పుస్తకంతో వచ్చినవాళ్లు ముందు నేల మీది గీతను చూసి, తర్వాత ఆ నోటీసు చదివి, మళ్లీ వంగి గీతనే చూసేవారు.